అమ్మమ్మను ఆటకు పిలవండి

చలికాలం సెలవులకు పిల్లలు వస్తున్నారని తెలియగానే ఇంట్లో పెద్దవాళ్ల కుర్చీకి ఒక చోటు ఖాయమవుతుంది. గాలి తగలని మూల, కాళ్ల మీద కప్పుకోవడానికి దుప్పటి, చేతికి అందేంత దూరంలో మందుల డబ్బా, ఎదురుగా టీవీ. "నువ్వు కదలకమ్మా, మేమున్నాంగా" అంటూ కూతురు దిండు సర్దుతుంది. ఆ మాటలో ఉన్నదంతా ప్రేమేనని నాకు తెలుసు. అయినా ఆ కుర్చీ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఉద్యోగ విరమణ చేసి, మనవలతో సమానంగా కాకపోయినా వాళ్లతో కలిసి ఆడగలిగే వయసులో ఉన్న అమ్మమ్మగా నేను అడిగేది ఒక్కటే: చలికాలంలో మమ్మల్ని చూడడానికి వచ్చినప్పుడు, మా ఎదురుగా కూర్చుని మమ్మల్ని చూసి వెళ్లిపోకండి, మాతో ఆడండి. ఇది సరదా కోసం చేస్తున్న విన్నపం అనుకోవద్దు. మిగిలిన ఏడాదంతా మేము ఎలా బతుకుతామన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుందని నా నమ్మకం.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మన ఒంటిని కదిలించేది గడియారం. సమయానికి బస్సు అందుకోవాలి, మెట్లెక్కాలి, ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరగాలి, ఇంటికి వచ్చాక ఇంటి పని ఉండనే ఉంటుంది. విరమణ తరువాత ఆ ఒత్తిడి పోతుంది, దానితో పాటు ఆ కదలిక కూడా పోతుంది. వేసవిలో దీని నష్టం పెద్దగా తెలియదు, ఎందుకంటే తెల్లవారుతూనే వెలుతురు వస్తుంది, మెలకువ వస్తుంది, నడకకు వెళ్లాలనే అనిపిస్తుంది. చలికాలం వచ్చేసరికి చీకటి ఇంకా వీడలేదని ఒక అరగంట, చలిగాలి తగ్గలేదని మరో అరగంట వాయిదా పడి, చివరికి ఆ నడక "రేపు చూద్దాంలే" అన్న దగ్గర ఆగిపోతుంది. మధ్యాహ్నం కాస్త ఎండ ఉన్న వేళ కునుకులో గడుస్తుంది, లేచి చూసేసరికి పొద్దు వాలిపోతూ ఉంటుంది. ఒక రోజు అలా గడిస్తే ఎవరికీ ఏమీ కాదు. రెండు మూడు నెలలు అలాగే గడిచాక, చలి తగ్గిందని బయటికి వచ్చినప్పుడు, కిందటేడు మామూలుగా ఎక్కిన మెట్ల దగ్గర చెయ్యి దానంతట అదే రెయిలింగును వెతుక్కుంటుంది. ఎవరిని అడిగినా "వయసు మీద పడుతోంది కదా" అంటారు. వయసు మీద పడిన మాట నిజమే కానీ, ఆ చలికాలమంతా కుర్చీలో గడిచిందన్న సంగతి ఎవరూ ఎత్తరు.

ముప్పై దాటినప్పటి నుంచే మనిషి కండరాలు మెల్లగా తగ్గడం మొదలవుతుంది, అరవై దాటాక ఆ తగ్గుదల వేగం పుంజుకుంటుంది. అది అందరికీ ఉన్నదే. కదలకుండా ఉండడం దాన్ని ఎంత తొందరపెడుతుందన్నదే చాలామందికి తెలియదు. 2007లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసు వాళ్లను 10 రోజుల పాటు మంచం మీదే ఉంచితే, వాళ్ల కాళ్లలో కండరం సగటున ఒక కిలోకు కాస్త తక్కువగా కరిగిపోయింది. కేవలం 10 రోజుల్లో. కుర్చీలో కూర్చోవడం మంచం పట్టడమంత తీవ్రం కాదు, ఒప్పుకుంటాను. కానీ చలికాలం 10 రోజుల్లో అయిపోయేది కూడా కాదు. అదే పత్రికలో 1990లో వచ్చిన మరో అధ్యయనం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. సంరక్షణ గృహంలో ఉంటున్న, 90 ఏళ్ల చుట్టుపక్కల వయసున్న కొద్దిమంది బలహీనుల చేత 8 వారాల పాటు కాళ్లకు బరువుల వ్యాయామం చేయిస్తే, వాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే పోయిన బలంలో కొంత భాగాన్ని 90 ఏళ్ల వయసులో కూడా తిరిగి తెచ్చుకోవచ్చు. "ఈ వయసులో ఇంకెందుకమ్మా" అనే వాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే.

చలి వల్ల ప్రమాదం లేదని నేను అనడం లేదు. చలికి చర్మం కిందున్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, దానితో రక్తపోటు పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. వయసు పెరిగిన కొద్దీ ఒంట్లో వేడి పుట్టించే వణుకు తగ్గుతుంది, చలి సోకుతున్న సంగతే ఆలస్యంగా తెలుస్తుంది, దాహం కూడా సరిగా వేయదు. ఇవన్నీ నిజం. అందువల్ల తెల్లవారుజామున బయటికి పోకుండా ఎండ వచ్చాకే పోవాలి, ఒక్క మందపాటి కోటు కన్నా రెండు మూడు పలుచని బట్టలు పొరలుగా వేసుకుని ఒళ్లు వేడెక్కే కొద్దీ తీయాలి, ఇంట్లోనే ఓ పది నిమిషాలు కాళ్లూ చేతులూ ఆడించి ఒళ్లు వెచ్చబడ్డాక బయట అడుగు పెట్టాలి, దాహం లేకపోయినా నీళ్లు తాగాలి, గుండె జబ్బో ఉబ్బసమో ఉన్నవాళ్లు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి, ఛాతీలో నొప్పి గానీ మామూలుగా లేని ఆయాసం గానీ వస్తే ఆట అక్కడితో ఆపి వెంటనే వైద్యం కోసం వెళ్లాలి. నేను వీటిలో దేన్నీ మానను. అయితే ఇవన్నీ బయటికి ఎలా వెళ్లాలో చెప్పే జాగ్రత్తలు. ఇంట్లోనే ఉండిపోవడానికి వీటిని సాకుగా చేసుకుంటే, చలి చేసే హాని తప్పించుకునే ప్రయత్నంలో కుర్చీ చేసే హానిని కొని తెచ్చుకున్నట్టే. ఇంట్లో ఉన్నంత మాత్రాన చలి తప్పుతుందన్న భరోసా కూడా లేదు: ఇంటి లోపల కనీసం 18 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం ఉండాలని, పెద్దవాళ్లు ఉన్న ఇళ్లలో ఇంకాస్త ఎక్కువే అవసరం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. కదలకుండా కూర్చున్న మనిషికి చల్లని గది కూడా ప్రమాదమే.

ఇక పిల్లలు అందరికన్నా ఎక్కువగా భయపడేది మేము పడిపోతామని. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో 60 దాటినవాళ్లే ఎక్కువ. కానీ పడిపోతామన్న భయంతో నడక తగ్గించిన మనిషికి కాళ్లలో బలం తగ్గుతుంది, నిలకడ తప్పుతుంది, అప్పుడు పడిపోయే అవకాశం ఇంకా పెరుగుతుంది. వైద్య పరిశోధనలను మదింపు చేసే కాక్రేన్ అనే సంస్థ 2019లో వంద దాటిన ప్రయోగాలను ఒకచోట చేర్చి చేసిన సమీక్షలో, నిలకడకు, కాళ్ల బలానికి తగిన వ్యాయామం చేసే పెద్దవాళ్లలో పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గాయని తేలింది. 65 దాటినవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయడంతో పాటు, వారంలో కనీసం 3 రోజులు నిలకడను, బలాన్ని పెంచే పనులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి సూచనల్లో ఉంది. ప్రేమతో మమ్మల్ని కూర్చోబెట్టే పిల్లలు, తమకు తెలియకుండానే, తాము భయపడుతున్న దానికే దారి వేస్తున్నారు.

అయితే వ్యాయామం చేసుకోమంటే సరిపోదా, ఆట ఎందుకు అని మా అల్లుడు ఒకసారి అడిగాడు. సరైన ప్రశ్నే. వ్యాయామం ఒంటరిగా చేయవచ్చు, ఆటకు ఎదుటి మనిషి కావాలి. నా వాదనకు మూలం అదే. కోపెన్‌హేగెన్ నగరంలో వేలమందిని సుమారు పాతికేళ్ల పాటు గమనించి 2018లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఏ ఆటా ఆడనివాళ్లతో పోలిస్తే టెన్నిస్ ఆడేవాళ్ల ఆయుర్దాయం 9.7 ఏళ్లు, బ్యాడ్మింటన్ ఆడేవాళ్లది 6.2 ఏళ్లు ఎక్కువగా కనిపించింది. సైకిలు తొక్కేవాళ్లకు అది 3.7 ఏళ్లు, జిమ్ములో వ్యాయామం చేసేవాళ్లకు 1.5 ఏళ్లు మాత్రమే. ఆ ఆటల వల్లే ఆయుష్షు పెరిగిందని ఇది రుజువు చేయదు. ఆ సంగతి పరిశోధకులే స్పష్టంగా చెప్పారు, టెన్నిస్ ఆడగలిగే స్తోమత ఉన్నవాళ్లకు మిగిలిన వసతులు కూడా ఎక్కువే ఉండి ఉండవచ్చు. కానీ జాబితాలో పైన ఉన్నవి మరొకరితో కలిసి ఆడే ఆటలు కావడం నన్ను ఆలోచింపజేసింది. ఒక్కత్తినే చేసే వ్యాయామాన్ని ఒంట్లో బాగోలేదని మానేయడం ఎంతో సులువు. రాకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పన్నెండేళ్ల మనవరాలికి "ఈ రోజు వద్దు" అని చెప్పడం అంత సులువు కాదు.

మా మనవరాలూ నేనూ ఆడేది బ్యాడ్మింటనే. ఇక్కడ ఒక చిన్న విశేషం చెప్పాలి. చల్లని గాలి వెచ్చని గాలి కన్నా సాంద్రంగా ఉంటుంది కాబట్టి చలికాలంలో షటిల్ నెమ్మదిగా ప్రయాణిస్తుంది, అనుకున్న దాని కన్నా ముందే పడిపోతుంది. అందుకే ప్లాస్టిక్ షటిల్ అడుగున ఉండే బుడిపె చుట్టూ రంగు పట్టీ వేసి అమ్ముతారు: ఆకుపచ్చ పట్టీ ఉన్నది నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. చలిగా ఉన్నచోట వేగంగా పోయే ఎర్ర పట్టీ షటిల్ వాడమని ఆట తెలిసినవాళ్లు చెబుతారు. మేము కావాలనే ఆకుపచ్చ పట్టీ ఉన్నదాన్నే వాడతాం. చల్లని గాలిలో అది ఇంకా తాపీగా వస్తుంది, పైకి లేచి ఒక్క క్షణం ఆగినట్టుండి నిట్టనిలువుగా దిగుతుంది. ఆ క్షణంలో నేను ఒక అడుగు వెనక్కి వేసుకుని, చెయ్యి పైకెత్తి, దాని కిందికి చేరుకోగలను. ఆ ఒక్క అడుగులో కాలి వేళ్ల నుంచి భుజం దాకా మొత్తం ఒళ్లు ఎలా పని చేస్తుందో, ఒంటికాలి మీద నిలబడే కసరత్తు చేసి చూసినవాళ్లకు తెలుస్తుంది. కసరత్తు చేస్తున్నప్పుడు లెక్క ఎప్పుడు పూర్తవుతుందా అని చూస్తాను, ఆడుతున్నప్పుడు షటిల్ తప్ప మరేదీ చూడను. మీరూ ఆడదలిస్తే పొడి నేల, జారని బూట్లు, కళ్లలో ఎండ పడని దిక్కు చూసుకోండి, మిగిలినవి సర్దుకోవచ్చు.

ఆటలో నన్ను గెలిపించవద్దని మనవలకు మొదటి రోజే చెబుతాను. జాలిపడి వదిలేసిన పాయింటు ఎవరికైనా తెలిసిపోతుంది, అది వచ్చినప్పుడు కలిగే బాధ ఓడిపోయినప్పుడు కలగదు. పెద్దవాళ్లతో ఆడాలంటే మార్చవలసింది నియమాలను. గోల్ఫ్ ఆటలో నైపుణ్యం తక్కువున్నవాళ్లకు హ్యాండీక్యాప్ అనే స్కోరు సర్దుబాటు ఇచ్చి అందరూ కలిసి ఆడేలా చేస్తారు, అందులో ఎవరికీ చిన్నతనం లేదు. మేము కూడా ఆటను 21 పాయింట్లకు బదులు 11కే ముగిస్తాం, నా వైపు కోర్టును పొట్టిగా గీస్తాం, జతలుగా ఆడేటప్పుడు నేను నెట్ దగ్గర నిలబడితే మనవడు వెనకంతా పరుగెత్తుతాడు. అక్కడ కావలసింది వేగం కాదు, ఎదుటివాళ్ల మణికట్టు ఎటు తిరుగుతోందో ముందే పసిగట్టడం. ఆ పని నాకు బాగానే వచ్చు. ఒకసారి నియమాలు ఒప్పుకున్నాక ఎవరూ ఎవరికీ ఒక్క పాయింటు కూడా వదలకూడదు.

ఆట వల్ల కలిగే మరో మేలును నేను ముందుగా ఊహించలేదు. పిల్లలు వచ్చిన రోజు సాయంత్రం అందరం చుట్టూ కూర్చుంటాం. ఎలా ఉన్నావు, ఏ మందులు వాడుతున్నావు, రిపోర్టులు ఏమన్నాయి, ఉద్యోగం ఎలా ఉంది, పరీక్షలు ఎప్పుడు, ఇంతటితో మాటలు అయిపోతాయి. ఆ తరువాత ఎవరి ఫోను వాళ్లది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడమంటే పదహారేళ్ల పిల్లవాడు "బాగున్నాను" అన్న ఒక్క మాట దాటి రాడు. అతని తప్పు అందులో ఏమీ లేదు, అవి సమాధానాల కోసం అడిగే ప్రశ్నల్లాగా కాక హాజరు వేయడానికి అడిగే ప్రశ్నల్లాగా ఉంటాయి. అదే పిల్లవాడు, రెండు ఆటల మధ్య మెట్ల మీద నా పక్కన కూర్చుని, బూటు లేసు కట్టుకుంటూ, నా ముఖం చూడకుండానే, కాలేజీలో ఏ స్నేహితుడితో మాటలు ఆగిపోయాయో, ఏ చదువు తనకు ఇష్టం లేదో చెప్పాడు. నేను సలహా ఏమీ ఇవ్వలేదు, సర్వీసు నీదేనన్నాను. ఆ తరువాత కూడా చెబుతూనే ఉన్నాడు.

ఆటకు పిలిచే మనిషి ఉంటే ఎంత దూరం వెళ్లవచ్చో మన్ కౌర్ జీవితం చూపిస్తుంది. ఆమె పరుగు పందేలు మొదలుపెట్టింది 93 ఏళ్ల వయసులో. ట్రాక్ మీదికి రమ్మని పిలిచింది ఆమె కొడుకు గురుదేవ్ సింగ్. ఆయన కూడా అప్పటికే వృద్ధుడు, వయసు పైబడిన క్రీడాకారులకు పెట్టే మాస్టర్స్ పోటీల్లో పరుగెత్తేవాడు. 2017లో ఆక్లాండ్‌లో జరిగిన ప్రపంచ మాస్టర్స్ క్రీడల్లో 101 ఏళ్ల మన్ కౌర్ 100 మీటర్లను 74 సెకన్లలో పూర్తి చేసింది. ఫౌజా సింగ్ మారథాన్లు మొదలుపెట్టింది 89 ఏళ్ల వయసులో. వీళ్లను మాకు కొలబద్దగా పెట్టవద్దు, అలాంటి శరీరాలు కోటికొకటి ఉంటాయి. ఆ కొడుకు చేసిన పని మాత్రం అసాధారణమైనది కాదు. తాను పరుగెత్తుతుంటే తల్లిని గ్యాలరీలో కూర్చుని చూడమనకుండా, పక్కనే పరుగెత్తమన్నాడు.

పిల్లల వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. ఉన్నదే నాలుగు రోజులు, ప్రయాణం చేసి అలసి వస్తారు, చూడవలసిన చుట్టాలు ఉంటారు. నేను అడిగేది రోజుకు ఒక గంట, ఎండ ఉన్న వేళ. ఆ గంటను ముందుగా కేటాయించి, మిగిలిన పనులను దాని చుట్టూ అమర్చుకుంటేనే జరుగుతుంది. వీలున్నప్పుడు ఆడదామంటే ఏ రోజూ వీలు చిక్కదు.

దీనికి మరో అడ్డంకి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పైకి చెప్పరు. ఇంటికి అందరూ వచ్చినప్పుడు తాతయ్యను ఆటకు పిలవడం తేలిక, ఆయన ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటారు. అమ్మమ్మో నానమ్మో అప్పుడు వంటింట్లో ఉంటుంది. ఉద్యోగానికి విరమణ ఉంది గానీ వంటింటికి విరమణ లేదు, పైగా పిల్లలు వచ్చిన రోజుల్లో ఆ పని రెట్టింపవుతుంది. గంటల తరబడి పొయ్యి ముందు నిలబడడాన్ని చూసి "అమ్మ చురుగ్గానే ఉంది, ఇంకా ఆటలెందుకు" అనుకుంటారు. ఒకేచోట నిలబడి నడుము నొప్పి తెచ్చుకోవడం వేరు, ఎండలో నాలుగు వైపులా అడుగులు వేయడం వేరు. కాబట్టి అమ్మమ్మను ఆటకు పిలిచేవాళ్లు ముందుగా ఆమె చేతిలోని పనిని అందుకోవాలి. కొడుకులు, అల్లుళ్లు ఆ గంట వంటింట్లో నిలబడాలి. అది జరగని ఇంట్లో "రా అమ్మా, ఆడదాం" అన్న పిలుపుకు అర్థం లేదు.

పిల్లలు వెళ్లిపోయిన మరునాడు ఇల్లు ఎలా ఉంటుందో మాలాంటి వాళ్లందరికీ తెలుసు. ఆ వెలితిని ఆట తీసేయలేదు. కానీ ఆడి వెళ్లిన పిల్లలు మాకు ఒక పని అప్పగించి వెళతారు. వచ్చేసారి వెనక కోర్టు నుంచి సర్వీసు చేస్తానని మనవరాలికి మాట ఇచ్చాను. అది కావాలంటే భుజానికి బలం కావాలి, ఆ బలం కావాలంటే నీళ్ల సీసాలు పట్టుకుని చేతులు ఎత్తి దించాలి, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవాలి, కుళాయి దగ్గర పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడాలి. ఇవే కసరత్తులు డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చినప్పుడు ఆ కాగితం సొరుగులోకి వెళ్లిపోయింది. ఎదురుచూస్తున్న ఆట ఒకటి ఉంటే చలి పొద్దున దుప్పటి తీసి లేవడానికి నాకు ఒక కారణం దొరుకుతుంది. ఫోనులో కూడా "మందులు వేసుకున్నావా" అన్న ప్రశ్నతో పాటు "ప్రాక్టీసు చేశావా" అన్న ప్రశ్న వస్తుంది. నన్ను రోగిగా చూసే ప్రశ్నకూ ఆటగత్తెగా చూసే ప్రశ్నకూ మధ్య ఉన్న తేడా వయసు మళ్లితే గానీ పూర్తిగా తెలియదేమో.

నిలబడలేనివాళ్ల సంగతేమిటని అడుగుతారు. వాళ్లకే ఆట ఇంకా అవసరం. 1984 నుంచి పారాలింపిక్స్‌లో బోచా అనే ఆట ఉంది. చక్రాల కుర్చీలో కూర్చునే ఆడతారు. ముందుగా ఒక తెల్ల బంతిని విసిరి, ఆ తరువాత ఆరు ఎర్ర బంతులు, ఆరు నీలం బంతులను రెండు పక్షాలూ దానికి వీలైనంత దగ్గరగా చేర్చాలి. విసరలేనివాళ్లు వాలుగా పెట్టిన పలక మీదుగా దొర్లిస్తారు. మా అక్కయ్య మోకాళ్లు అరిగిపోయి కొన్నేళ్లుగా లేచి నడవలేదు. పిల్లలు పాత బట్టలతో రెండు రంగుల బంతులు కుట్టి, హాల్లో కుర్చీలు జరిపి, ఆమెతో ఈ ఆట మొదలుపెట్టారు. మొదటి రోజు చెయ్యి మోచేతి దాకా కూడా లేవలేదు, ఇప్పుడు భుజం పై నుంచి విసురుతుంది. రెండు బంతులు తెల్ల బంతికి ఇంచుమించు ఒకే దూరంలో ఆగినప్పుడు పిల్లలు కంటితో చూసి తీర్పు చెప్పేస్తే ఒప్పుకోదు. దారం తెచ్చి కొలవమంటుంది.